ఇంటి నుండి షెడ్డు వరకు అంతర్జాలం

బావి ఇంటి ముందు, పశువుల కొట్టం పెరటి చివర ఉన్నప్పుడు గృహస్థునికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. నీటిని బిందెలతో మోయాలా, గొట్టం వేయాలా అన్నదే ఆ ప్రశ్న. నేడు అంతర్జాలం విషయంలోనూ అటువంటి ప్రశ్నే ఎదురవుతున్నది. వీధి స్తంభం నుండి వచ్చిన తీగ ఇంటి ముందుగదిలో రౌటరు అనే చిన్న పెట్టె వద్ద ముగుస్తుంది. అక్కడి నుండి ఫోన్లకు, కంప్యూటర్లకు సమాచారం గాలిలో అందుతుంది. కాని ఇంటివారి పనులన్నీ ఆ గోడల మధ్యనే జరగవు.

గ్యారేజి అనగానే తెలుగువారికి వాహనాలు మరమ్మతు చేసే దుకాణం గుర్తుకు వస్తుంది. అమెరికాలో అది ఇంటి ఆవరణలో కారు నిలిపే గది. ఆ గది పనిశాలగా మారడం అక్కడ పాత అలవాటే. 1939లో హ్యూలెట్, ప్యాకార్డ్ అనే ఇద్దరు మిత్రులు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక ఇంటి వెనుక గ్యారేజిలో ప్రారంభించిన సంస్థ ప్రపంచ ప్రసిద్ధి పొందింది. మన ప్రాంతంలో ఆ స్థానం రేకుల షెడ్డుది, పెరటి గదిది. కుట్టుమిషను, పిండిమర, ట్యూషను చెప్పే బల్ల అక్కడే ఉంటాయి. 2020లో కరోనా వ్యాధి మూలంగా బడులు, కార్యాలయాలు ఇళ్లలోకి వచ్చినప్పుడు, ఇరుకు ఇళ్లలోని విద్యార్థులకు, ఉద్యోగులకు ఆ గదులే ఆశ్రయమిచ్చాయి. పరీక్ష రాస్తున్న విద్యార్థికి నడుమ సంబంధం తెగిపోతే కలిగే నష్టం చిన్నది కాదు. కనుక ఇంటిలోని అంతర్జాలాన్ని విడిగా ఉన్న గదికి చేర్చే మార్గాలను తెలుసుకోవడం అవసరం.

ముందుగా, ముందుగదిలో చక్కగా అందే సంకేతం షెడ్డులో ఎందుకు క్షీణిస్తుందో చూడాలి. రౌటరు పంపేవి రేడియో తరంగాలు. అవి ఎంత దూరం పోతే అంతగా పలచబడతాయి. అడ్డంకులు లేని చోట కూడ దూరం రెట్టింపయితే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. దీనికి గోడలు తోడవుతాయి. ఇటుక గోడ తరంగాలను కొంత పీల్చుకుంటుంది. కాంక్రీటులోని ఇనుప చువ్వలు, ఇనుప షట్టరు, పైకప్పు రేకులు వాటిని వెనుకకు మళ్లిస్తాయి. రౌటర్లు సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాలలో పనిచేస్తాయి. మొదటిది గోడలను కొంత మెరుగుగా దాటుతుంది. రెండవది ఎక్కువ సమాచారాన్ని మోస్తుంది గాని గోడల వద్ద త్వరగా నీరసిస్తుంది.

మరింత శక్తిగల రౌటరు కొంటే సరిపోతుందని చాలామంది భావిస్తారు. అయితే అంతర్జాలం ఉపన్యాసం వంటిది కాదు, సంభాషణ వంటిది. మైకు పట్టుకున్న వక్త మాట మైదానం చివర ఉన్నవారికి వినిపించవచ్చు. అక్కడివారు మామూలు గొంతుతో ఇచ్చే జవాబు వక్తకు వినిపించదు. షెడ్డులోని ఫోను పరిస్థితి కూడ ఇంతే. దాని బలహీనమైన సంకేతం ఇంటిలోని రౌటరుకు చేరనంతవరకు రౌటరు ఎంత గట్టిగా పలికినా ప్రయోజనం ఉండదు.

చవకైన ఉపాయం రిపీటరు. ఇది రౌటరు సంకేతాన్ని అందుకొని తిరిగి ప్రసారం చేస్తుంది. దీనిని షెడ్డులో పెట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. సంకేతం సరిగా అందని చోట పెట్టిన రిపీటరు ఆ సరికాని సంకేతాన్నే మళ్లీ పంపుతుంది. షెడ్డు వైపు ఉన్న ఇంటి కిటికీ వద్ద దీనిని ఉంచితే మేలు. ఒకే రేడియోతో వినడం, పలకడం రెండూ చేసే రిపీటరు వలన వేగం దాదాపు సగానికి తగ్గుతుంది. ఉత్తరాలు చూసుకోవడానికి ఇది చాలు. దృశ్య పాఠాలకు చాలకపోవచ్చు.

రెండవ ఉపాయం ఇంటి నుండి షెడ్డుకు ఇప్పటికే ఉన్న కరెంటు తీగలను వాడుకోవడం. ఇంటిలో ఒక ప్లగ్గుకు, షెడ్డులో ఒక ప్లగ్గుకు జత పరికరాలను తగిలిస్తే అవి విద్యుత్తుతో పాటు సమాచారాన్ని కూడ అదే తీగపై నడిపిస్తాయి. కొత్త తీగ అక్కరలేకపోవడం ఇందులోని సుగుణం. అయితే ఇల్లు, షెడ్డు రెండు వేర్వేరు ఫేజులపై ఉన్నా, వేర్వేరు మీటర్లపై ఉన్నా ఫలితం అనుమానాస్పదమే. మోటారు తిరుగుతున్నప్పుడు పుట్టే విద్యుత్ అలజడి కూడ వేగాన్ని దెబ్బతీస్తుంది.

మూడవది రేడియో వంతెన. ఇంటి గోడపై ఒకటి, షెడ్డు గోడపై ఒకటి ఎదురెదురుగా బిగించిన రెండు ఆంటెన్నాలు తమ శక్తిని నలుదిక్కులా చల్లక ఒకే దిశలో పంపుతాయి. మధ్యలో రోడ్డు గాని, తవ్వడానికి వీలుకాని రాతినేల గాని ఉన్నప్పుడు ఇది ఉత్తమ మార్గం. భారతదేశంలో 2005లో 2.4 గిగాహెర్ట్జ్ భాగాన్ని, 2018లో 5 గిగాహెర్ట్జ్ భాగాన్ని నిర్ణీత శక్తి పరిమితులకు లోబడి లైసెన్సు లేకుండా వాడుకొనే అవకాశం కల్పించారు. రెండు ఆంటెన్నాల మధ్య చూపుకు అడ్డు ఉండరాదు. ఆ చూపు రేఖ చుట్టూ కొంత ఖాళీ స్థలం కూడ అవసరం. వేసవిలో చక్కగా పనిచేసిన వంతెన వానలకు మామిడి కొమ్మ చిగిర్చి అడ్డు వచ్చినప్పుడు తడబడవచ్చు. ఆకులలోని నీరు తరంగాలను పీల్చుకోవడమే దీనికి కారణం.

నాలుగవది రాగి కేబులు. 1973లో అమెరికాలో రూపుదిద్దుకొన్న ఈథర్‌నెట్ పద్ధతికి నేడు ఎక్కువగా వాడే తీగ ఇదే. ఇందులో ఎనిమిది సన్నని తీగలు నాలుగు జతలుగా మెలివేసి ఉంటాయి. బయటి అలజడి జతలోని రెండు తీగలనూ సమానంగా తాకుతుంది. అవతలి పరికరం ఆ రెండింటి భేదాన్ని మాత్రమే గ్రహిస్తుంది కనుక అలజడి తొలగిపోతుంది. టెలిఫోను కోసం ఈ మెలి ఉపాయానికి 1881లోనే గ్రాహంబెల్ పేటెంటు పొందాడు. ఒక్కొక్క కేబులు 100 మీటర్లకు మించరాదు. బజారులో రాగిపూత పూసిన అల్యూమినియం కేబులు కూడ తక్కువ ధరకు దొరుకుతుంది. అది త్వరగా విరుగుతుంది. నిరోధం కూడ ఎక్కువ. కనుక శుద్ధమైన రాగి కేబులునే ఎంచుకోవాలి. ఆరుబయట వేసే కేబులుకు ఎండకు, తేమకు తట్టుకొనే తొడుగు ఉండాలి.

రాగి కేబులు విషయంలో వేగం కంటె ముఖ్యమైనది భద్రత. ఇంటికి ఒక ఎర్తు గొయ్యి, షెడ్డుకు మరొక ఎర్తు గొయ్యి ఉంటాయి. సమీపంలో పిడుగు పడినప్పుడు ఆ రెండు చోట్ల నేల పొటెన్షియల్ ఒకే రీతిగా ఉండదు. రెండు కట్టడాలను లోహపు తీగతో కలిపినప్పుడు ఆ భేదం తీగ గుండా ప్రవహించడానికి దారి దొరుకుతుంది. రౌటరు, కంప్యూటరు కాలిపోవచ్చు. ఆ సమయంలో వాటిని తాకిన మనిషి ప్రాణానికే ముప్పు కలగవచ్చు. కేబులును భూమిలో పాతిపెట్టినంత మాత్రాన ఈ ప్రమాదం పూర్తిగా తొలగదు. పిడుగులు తరచుగా పడే మన ప్రాంతాలలో కేబులు రెండు చివరలా ఎర్తుకు కలిపిన రక్షణ పరికరాలు తప్పనిసరి.

ఈ భయం లేని మార్గం దృశా తంతువు. ఇది వెంట్రుక వలె సన్నని గాజు పోగు. దీనిలో కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ ముందుకు సాగుతుంది. పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ 1954లో లండనులో గాజు పోగుల కట్ట గుండా దృశ్యాన్ని పంపే ప్రయోగ ఫలితాలను సహ పరిశోధకునితో కలిసి ప్రకటించాడు. గాజులోని మలినాలను తొలగిస్తే కాంతిని బహుదూరం పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో చూపాడు. అందుకు ఆయనకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. గాజు విద్యుత్తును ప్రసరింపనీయదు. కనుక పిడుగు దెబ్బ ఈ తంతువు గుండా ఒక కట్టడం నుండి మరొక కట్టడానికి పాకదు. అయితే తొడుగులో ఉక్కు కవచం గల కేబులు కొంటే ఈ ప్రయోజనం పోతుంది. లోహం లేని రకాన్నే ఎంచుకోవాలి. రెండు చివరలా కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పరికరాలు కావాలి. వాటికి షెడ్డులో కరెంటు అవసరం. తంతువులో నడిచే కాంతి కంటికి కనిపించదు. కనుక దాని కొనలోకి చూడరాదు.

ఊళ్లకు అంతర్జాలం చేరిన తీరులో కూడ ఈ గృహస్థుని ఆలోచనే కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ప్రారంభమైన ఫైబర్ గ్రిడ్ కోసం దృశా తంతువులను కరెంటు స్తంభాలపై సాగదీశారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాలలోనే తంతువులకు గొట్టాలు వేశారు. ఉన్న దారిని రెండవ పనికి వాడుకోవడమే ఈ రెండింటి సారం.

పెరటిలో కూడ నీటి గొట్టానికి, తోట పనికి నేల తవ్వే రోజున మరొక ఖాళీ ప్లాస్టిక్ గొట్టాన్ని వేసి, అందులో ఒక తాడు ఉంచడం ముందుచూపు. పలుగు, పార తగలనంత లోతున దానిని పూడ్చాలి. కరెంటు తీగకు ఎడంగా ఉంచాలి. పదేళ్ల తరువాత కేబులు మార్చవలసి వచ్చినా మళ్లీ తవ్వవలసిన పని ఉండదు.

ఏ మార్గం ఎంచుకున్నా షెడ్డుకు ఇంటికి వచ్చే వేగం కంటె ఎక్కువ రాదు. చెరువులో లేని నీరు కాలువలోకి రాదు గదా! ముందుగా రౌటరు వద్ద వేగాన్ని కొలిచి చూడాలి. తరువాత దూరాన్ని, నేలను, అక్కడ జరిగే పనిని అంచనా వేయాలి. దగ్గరి గదిలో అప్పుడప్పుడు వాడుకకు రిపీటరు చాలు. తవ్వ వీలుకాని చోట రేడియో వంతెన తగినది. నిత్యం చదువుకో, జీవనోపాధికో ఆధారమైన చోట మాత్రం భూమిలో గొట్టం, గొట్టంలో గాజు తంతువు వేయడం మేలు. మొదట ఖర్చు కొంత ఎక్కువైనా, ఉరుము వినిపించినప్పుడల్లా తీగలు పీకవలసి వస్తుందేమోనన్న బెదురు తంతువు విషయంలో ఉండదు. అయినా కరెంటు తీగ మామూలుదే కనుక, పిడుగుల వేళ షెడ్డులోని ప్లగ్గులు తీసివేయడం అన్ని కాలాలలోనూ పాటించదగిన జాగ్రత్త.