పాత కారు ఎ.సి.కి కొత్త వాయువు - మార్పిడిలో మెలకువలు

పాత కార్లను ముచ్చటపడి భద్రపరచుకొంటున్న యజమానులకు వేసవి రాగానే ఒక చిక్కు ఎదురవుతున్నది. 1990 దశకంలోను, అంతకు ముందును తయారైన పలు కార్ల ఎ.సి.లలో ఆర్-12 అనే శీతలీకరణ వాయువును వాడేవారు. దాని ఉత్పత్తి నిలిచిపోయి ఏళ్లు గడిచాయి. అటువంటి కార్ల ఎ.సి.ని ఆర్-134ఎ అనే వాయువుకు మార్చుకొనే వీలున్నది. అయితే పాత గ్యాస్‌ను వదిలివేసి, కొత్త గ్యాస్ ఎక్కించినంత మాత్రాన మార్పిడి పూర్తి కాదు. లోపలి నూనె, డ్రయర్, రబ్బరు రింగులు కూడా మారినప్పుడే ఎ.సి. పదికాలాలపాటు పనిచేస్తుంది. లేనిపక్షంలో వేలాది రూపాయల విలువచేసే కంప్రెసర్ కొద్ది కాలంలోనే పాడైపోయే ప్రమాదం ఉన్నది.

నిషేధం ఎందుకు?

ఆర్-12 క్లోరోఫ్లోరోకార్బన్ల కుటుంబానికి చెందిన వాయువు. దీనికి మంట అంటుకోదు, వాసన ఉండదు. అందువల్లనే దశాబ్దాలపాటు విస్తృతంగా వాడారు. ఈ వాయువులు పైవాతావరణానికి చేరి, విడివడిన క్లోరిన్ ఓజోన్ పొరను క్షీణింపజేస్తుందని 1974లో శాస్త్రవేత్తలు మోలినా, రోలాండ్ హెచ్చరించారు. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ రంధ్రం వెలుగుచూసింది. ఫలితంగా 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒడంబడిక కుదిరింది. భారతదేశం 1992లో ఇందులో చేరింది. ఓజోన్‌కు హాని కలిగించే పదార్థాల నియంత్రణకు కేంద్ర ప్రభుత్వం 2000వ సంవత్సరంలో నిబంధనలు రూపొందించింది. ఆస్తమా రోగుల ఇన్‌హేలర్లకు అవసరమైన కొద్ది పరిమాణం మినహా, 2008 ఆగస్టు 1 నుంచి దేశంలో ఈ వాయువుల ఉత్పత్తి ఆగిపోయింది. ఆర్-134ఎలో క్లోరిన్ లేనందున ఓజోన్ పొరకు దానివల్ల హాని లేదు.

నూనెతోనే అసలు చిక్కు

కంప్రెసర్ లోపల తిరిగే భాగాలు అరిగిపోకుండా కాపాడేది నూనె. ఈ నూనె వాయువులో కరిగి, దానితోపాటే వ్యవస్థ అంతటా ప్రయాణించి తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది. ఆర్-12తో వాడే ఖనిజ నూనె ఆర్-134ఎలో కరగదు. అది కూలింగ్ కాయిల్‌లోను, గొట్టాలలోను నిలిచిపోతుంది. ఫలితంగా కంప్రెసర్ నూనె లేకుండా తిరిగి, వేడెక్కి, చివరకు బిగుసుకుపోతుంది. కావున పాత నూనెను వీలైనంత పూర్తిగా తీసివేసి పి.ఎ.జి. లేదా ఈస్టర్ రకం నూనె పోయాలి. పాత నూనె అవశేషాలను తట్టుకొనే గుణం ఉన్నందున మార్పిడి పనులకు ఈస్టర్ నూనెను ఎక్కువగా ఎంచుకొంటారు. ఏ రకం, ఎంత పరిమాణం అన్నది కంప్రెసర్ తయారీదారు సూచన ప్రకారం నిర్ణయించుకోవాలి. ఈ రెండు నూనెలూ గాలిలోని తేమను త్వరగా పీల్చుకొంటాయి. డబ్బా మూత తీసి ఉంచిన నూనెను వాడరాదు.

పని జరగవలసిన క్రమం

మొదట మిగిలివున్న ఆర్-12ను రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి తీసుకోవాలి. దానిని గాలిలోకి వదలరాదు. తర్వాత కంప్రెసర్‌ను విప్పి నూనె ఒంపివేసి, కాయిల్‌ను, గొట్టాలను శుభ్రపరచాలి. పాత డ్రయర్‌లోని తేమను పీల్చే గుళికలు కొత్త వాయువుకు తగినవి కావు గనుక ఆర్-134ఎకు సరిపడే డ్రయర్ బిగించాలి. ఓ-రింగులను కూడా కొత్త వాయువుకు, నూనెకు తట్టుకొనే రకానివి వేయాలి. పగుళ్లిచ్చిన హోస్ పైపులను మార్చాలి.

అటుపిమ్మట పొడి నైట్రోజన్‌తో ఒత్తిడి పెంచి, సబ్బు నురుగుతో లీకులు పరీక్షించాలి. పాతకాలపు హేలైడ్ దీపం క్లోరిన్‌ను మాత్రమే గుర్తిస్తుంది. ఆర్-134ఎ లీకును అది పట్టుకోలేదు. లీకులు లేవని తేలాక కనీసం 30 నుంచి 45 నిమిషాలపాటు వాక్యూమ్ పంపు నడిపి లోపలి గాలిని, తేమను తొలగించాలి. కొత్త వాయువును తూకం ప్రకారమే ఎక్కించాలి. సాధారణంగా పాత పరిమాణంలో 80 నుంచి 90 శాతం సరిపోతుంది. ఒక కిలో ఆర్-12 పట్టే కారుకు 800 నుంచి 900 గ్రాములు చాలు. గాజు కిటికీలో బుడగలు మాయమయ్యేదాకా నింపే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. అలా చేస్తే వాయువు మోతాదు మించుతుంది. కొత్త వాయువుకు తగిన సర్వీసు వాల్వులను వాయువు ఎక్కించడానికి ముందే అమర్చాలి. చివరగా వాయువు పేరు, నూనె రకం, తేదీ తెలిపే చీటీని బానెట్ కింద అతికించాలి. తర్వాత వచ్చే మెకానిక్ పొరపాటున వేరే వాయువు కలపకుండా ఈ చీటీయే కాపాడుతుంది.

మన ఎండలకు తగిన జాగ్రత్త

రెంటచింతల, రామగుండం వంటి ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. కండెన్సర్‌లో వాయువు 60 డిగ్రీలకు చేరినప్పుడు ఆర్-134ఎ ఒత్తిడి ఆర్-12 కంటె సుమారు పదో వంతు ఎక్కువగా ఉంటుంది. కాబట్టి కండెన్సర్ రేకుల మధ్య చేరిన దుమ్మును తొలగించాలి, ఫ్యాన్ వేగాన్ని సరిచూడాలి. ఒత్తిడి హద్దు మీరితే కంప్రెసర్‌ను ఆపివేసే స్విచ్ లేనట్లయితే తప్పనిసరిగా అమర్చుకోవాలి. పాత కండెన్సర్ చాలకపోతే చల్లదనం కొంత తగ్గే అవకాశం ఉన్నది. ఈ సంగతిని యజమాని ముందుగానే తెలుసుకోవాలి.

చేయకూడనివి

రెండు వాయువులను కలిపి నింపరాదు. కలిసిన వాయువును తిరిగి వాడుకొనేందుకు శుద్ధి చేయడం చాలా కష్టం. ఖర్చు తగ్గుతుందని వంటగ్యాస్ వంటి మండే వాయువులను నింపడం ప్రాణాంతకం. కూలింగ్ కాయిల్ లీకయితే ఆ వాయువు నేరుగా ప్రయాణికులు కూర్చొనే చోటికే చేరుతుంది. ఆర్-12 ఉన్నచోట మంట వెలిగిస్తే విషవాయువులు పుట్టే అవకాశం ఉన్నందున వెల్డింగు పనులు చేయరాదు.

ఆర్-134ఎ కూడా పూర్తిగా నిరపాయకరం కాదు. భూమిని వేడెక్కించడంలో ఒక కిలో ఆర్-12 పది టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువుతో సమానం కాగా, ఒక కిలో ఆర్-134ఎ సుమారు 1,400 కిలోలతో సమానం. అందువల్లనే ఇటువంటి వాయువుల తగ్గింపునకు 2016లో కిగాలి సవరణ ఆమోదం పొందింది. భారతదేశం 2021లో దానిని ధ్రువీకరించింది. ఈ సవరణ ప్రకారం మన దేశంలో తగ్గింపు 2032 నుంచి మొదలు కావలసి ఉన్నది. లీకును సరిచేయకుండా ఏటా గ్యాస్ నింపించుకోవడం వల్ల డబ్బుతోపాటు వాతావరణానికీ నష్టమేనని గ్రహించాలి.

కారును అప్పగించే ముందు యజమానులు నాలుగు విషయాలు అడిగి తెలుసుకోవాలి. పాత వాయువును సిలిండర్‌లోకి తీస్తారా? ఏ నూనె పోస్తారు? డ్రయర్ మారుస్తారా? వాయువును తూచి నింపుతారా? ఈ నాలుగింటికి స్పష్టమైన సమాధానం చెప్పి, బిల్లుపై రాసి ఇచ్చే మెకానిక్ వద్దనే పని చేయించుకోవడం శ్రేయస్కరం.