నెలలు నిండని శిశువు – ఇంటిపెద్దల ధర్మము



మన పల్లెలలో పురుడు వచ్చినదని తెలియగానే ఇరుగుపొరుగువారు మొదట అడుగు మాట, "తల్లీబిడ్డలు క్షేమమా?" యని. తల్లిని బిడ్డను ఒక్క మాటగా కలిపి పలుకుట మనవారి అనుభవమునుండి పుట్టిన వాడుక. అయినను ఒక్కొక్కప్పుడు ఆ జంట విడిపోవలసి వచ్చును. నెలలు నిండక పుట్టిన శిశువునో, పుట్టగనే యేడువని శిశువునో జిల్లా ఆసుపత్రికి గొనిపోవుదురు. తల్లి వేఱొకచోట నుండిపోవును. అట్టి కుటుంబమునకు పెద్దలమైన మనము చేయదగిన దేమి, చేయరాని దేమి యనునదే నేటి ప్రసంగ విషయము.

ముందుగా ఒక పాత మాటను సరిచూచుకొందము. "ఏడవ నెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదు" అని మనలో ననేకులు చెప్పుదురు. ఇది సత్యము కాదు. గర్భమున ఎన్ని దినములు అధికముగా నిలిచిన శిశువునకు అంత బలము. కావున ఏడవ నెల బిడ్డకంటె ఎనిమిదవ నెల బిడ్డయందే ఆశ యెక్కువ. పాత మాటను నమ్మి, "బ్రతుకని బిడ్డకు ఆసుపత్రి యేల?" యని ఊరకుండినచో, దక్కవలసిన ప్రాణమును చేజేతుల పోగొట్టుకొన్నవారమగుదుము. వైద్యులు ఈ లెక్కను వారములతో గట్టుదురు. నిండు గర్భము 40 వారములు. 37 వారములు నిండకమునుపు పుట్టిన శిశువును నెలలు నిండని శిశువని యందురు. పుట్టినప్పుడు 2,500 గ్రాములకు తక్కువ తూగినచో తక్కువ బరువు శిశువని యందురు.

ఇట్టి శిశువునకు గల కొఱతలు ముఖ్యముగా నాలుగు. చర్మము క్రింద క్రొవ్వు చాలనందున ఒడలి వేడిమి నిలువదు. ఊపిరితిత్తులు విచ్చుకొని నిలుచుటకు వలసిన పదార్థము లోపల ఇంకను ఊరియుండదు. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి పీల్చుట అను మూడు పనులను పొందికగా జేయు నేర్పు సామాన్యముగా 34 వారముల వఱకు కుదురదు. రోగము నెదుర్కొను శక్తియు స్వల్పము. ఈ కొఱతలను దీర్చుటకే జిల్లా ఆసుపత్రులలో నవజాత శిశు ప్రత్యేక సంరక్షణ విభాగములు ఏర్పడినవి. నర్సులు దానిని ఎస్.ఎన్.సి.యు. అని పిలుతురు.

ఆ గదిలో అడుగిడిన పల్లెవారికి గుండె జారును. అక్కడి పరికరము లెందులకో తెలిసినచో ఆ భయము సగము తీరును. పైనుండి వేడిమినిచ్చు మంచము శిశువు ఒడలిని వెచ్చగా నుంచుటకు. ముక్కు దగ్గఱ నున్న గొట్టములు ప్రాణవాయువును ఒత్తిడితో పంపి, ఊపిరితిత్తులు మూసికొనిపోకుండ జేయుటకు. నోటినుండి గాని ముక్కునుండి గాని కడుపులోనికి పోవు సన్నని గొట్టము పాలకొఱకు. నీలి వెలుగు కామెర్లను తగ్గించుటకు. కాలికి చుట్టిన ఎఱ్ఱని వెలుగు గల పట్టీ రక్తమునందలి ప్రాణవాయువును లెక్కించుటకు. గంట మ్రోగినంతనే ప్రాణము పోయినదని తలపరాదు. పట్టీ జారినను అది మ్రోగును.

ఈ వెచ్చని పెట్టెకు ఒక చరిత్ర కలదు. పారిసు నగరపు జంతుప్రదర్శనశాలలో కోడిగ్రుడ్లను పొదిగించు యంత్రమును జూచి, తార్నియే యను వైద్యుడు 1880లో ప్రసూతి ఆసుపత్రియందు శిశువులకు అట్టి పెట్టెను చేయించెను. ఆయన శిష్యుడు బుదె యనునాతడు మఱియొక సంగతిని గమనించెను. పెట్టెలో బిడ్డ బ్రతుకుచుండెను గాని, దూరమున నున్న తల్లికి ఆ బిడ్డపై మమకారము సడలుచుండెను. తల్లులను దగ్గఱకు రప్పించి చనుబాలిప్పించుట మేలని ఆయన 1900లో ప్రకటించిన గ్రంథమున బోధించెను. అటుపిమ్మట 1978లో దక్షిణ అమెరికాయందలి కొలంబియా దేశమున, బొగోటా నగరపు ఆసుపత్రిలో పెట్టెలు చాలకపోగా, ఎడ్గార్ రే అను వైద్యుడు బిడ్డను తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు కట్టించెను. కంగారూ యను జంతువు తన సంచిలో పిల్లను మోయునట్లుండుటచే దీనికి కంగారూ సంరక్షణమని పేరు వచ్చెను.

2021లో ప్రకటింపబడిన ఒక పరిశోధనమును మీకు విన్నవించెదను. మన దేశముతో గూడ ఐదు దేశముల ఆసుపత్రులలో, ఒక కిలోకు తగ్గక 1,800 గ్రాములకు లోబడిన మూడువేలకు పైబడిన శిశువులపై అది జరిగినది. ఒక వర్గమున శిశువు కుదుటపడిన పిదపనే తల్లి రొమ్మునకు జేర్చిరి. రెండవ వర్గమున తల్లిని సంరక్షణ విభాగముననే యుంచి, పుట్టిన కొలది కాలమునుండియే చేర్చిరి. మొదటి వర్గమున 28 దినములలోపల నూటికి సుమారు 16 గురు పోగా, రెండవ వర్గమున 12 గురు పోయిరి. నూటికి నలుగురు బిడ్డలు అధికముగా దక్కిరి! తల్లి యునికియే ఒక చికిత్స యని దీనివలన తేలుచున్నది.

ఇచట నా యింటి పొరపాటు నొకదానిని దాచక చెప్పుట ధర్మము. కొన్నేండ్ల క్రిందట మా యమ్మాయి తొలికానుపునకు మా యింటికి వచ్చి, 33వ వారముననే ఆడుబిడ్డను గనెను. బిడ్డ బరువు 1,600 గ్రాములు. అల్లుడు బిడ్డతో పట్టణమునకు బోయెను. మూడవ దినమున అమ్మాయిని ఇంటికి తెచ్చితిమి. పురిటిస్నానము కాకుండ బాలింత గడప దాటరాదని, గాలి సోకరాదని నేను పట్టుబట్టితిని. అమ్మాయి వెనుకగదిలో గోడవైపు దిరిగి పండుకొనెడిది. ఎవరితోను మాటలాడెడిది కాదు. పాలు పిండువారు లేక క్రమముగా ఇంకిపోయినవి. పదునొకండవ దినమున స్నానము చేయించి ఆసుపత్రికి గొనిపోతిని. అచటి నర్సు నన్నుజూచి, "పంతులుగారూ, పెట్టెలో వేడి ఉందండి, అమ్మ లేదు. ఇన్నాళ్లూ ఈమెను ఎందుకు తీసుకురాలేదు?" అని యడిగెను. నలువది యేండ్లు పిల్లలను ప్రశ్నించిన నాకు ఆనాడు సమాధానము తోచలేదు. ఆమె బిడ్డను తీసి మా యమ్మాయి రొమ్ముపై నుంచి పైన గుడ్డ కప్పెను. మఱలిన పాలు తిరిగి వచ్చుటకు వారము పట్టినది. బిడ్డ దక్కినది, బడికి పోవుచున్నది. అయినను ఆ పదునొకండు దినములు నా లెక్కలోనే యున్నవి.

పురిటి నియమములను నేను నిందించుట లేదు. బాలింతకు విశ్రాంతి కలుగవలెననియు, పదిమంది రాకపోకలవలన తల్లికి బిడ్డకు రోగము సోకరాదనియు పెద్దలు వానిని ఏర్పఱచిరి. ఆ యుద్దేశము మంచిది. కాని ఆపత్కాలమునకు ధర్మము వేఱు. ప్రాణరక్షణమునకు అడ్డువచ్చు ఆచారమును ఆచారముగా నెంచరాదు. వైద్యులు తల్లిని కదలవచ్చునని చెప్పినంతనే ఆమెను బిడ్డచెంతకు జేర్చుడు. పెద్దల నోటినుండి ఈ యనుజ్ఞ రావలయును. ఎందుకనగా, మన యిండ్లలో పెద్దలు కాదన్న పనిని బాలింత చేయజాలదు.

ఇక చేయదగిన పనులు. తల్లి రాత్రింబగళ్లు రెండు మూడు గంటల కొకసారి పాలు పిండవలసి యుండును. మొదటి ముర్రుపాలు చెంచాడైనను పాఱబోయరాదు. బిడ్డ చప్పరింపలేకున్నను, గొట్టముతో గాని ఉగ్గుగిన్నెతో గాని వానిని పట్టుదురు. కావున ఆమెకు వేళకు వేడి యన్నము అందించువారు, ప్రక్కన గూర్చుండువారు ఒకరుండవలెను. వైద్యుల యనుమతితో తండ్రియు, అమ్మమ్మయు, నాయనమ్మయు శుచిగా నుండి బిడ్డను రొమ్మున జేర్చుకొనవచ్చును. కుటుంబమువారిని ఈ సేవలో చేర్చుకొనవలెనని 2017లో మన కేంద్ర ప్రభుత్వమే మార్గదర్శకములను వెలువరించినది. ఇంటికడ పెద్దబిడ్డను, పశువులను, పొలమును బంధువులు పంచుకొని చూచుకొనిన, ఆ దంపతులు నిశ్చింతగా ఆసుపత్రిలో నుండగలరు.

ధనమునుగూర్చి ఒక మాట. 2011 జూన్ 1వ తేదీన ఆరంభమైన జనని శిశు సురక్షా కార్యక్రమము ననుసరించి, ప్రభుత్వ ఆసుపత్రులలో రోగగ్రస్తమైన నవజాత శిశువునకు చికిత్స, మందులు, పరీక్షలు, రక్తము, రాకపోకల వాహనము ఉచితము. మొదట 30 దినములకే యున్న ఈ వసతిని పిదప ఏడాదివఱకు పొడిగించిరి. ఇది యెఱుగక వడ్డీకి అప్పు తెచ్చువారికి, పొలము తాకట్టు పెట్టువారికి ముందుగా తెలియజెప్పుట చదువుకొన్న పెద్దల పని.

చేయరాని పనులలో మొదటిది నింద. "నష్టజాతకము", "కోడలి కాలు మంచిది కాదు" అను మాటలు ఆ యింట వినబడరాదు. తల్లి అప్పటికే తన్ను తాను నిందించుకొనుచుండును. రెండవది ఆడుబిడ్డయని చికిత్సను మధ్యలో మాన్పించి ఇంటికి గొనివచ్చుట. ఇది కొన్ని కుటుంబములలో జరుగుచున్నది. దీనికి పేరు వేఱుగా పెట్టనక్కఱలేదు. మూడవది గుంపుగా ఆసుపత్రికి బోవుట. క్షేమసమాచారము నడుగుటకు ఒక్కరిని నియమించుకొని, తక్కినవారు ఆతనిని అడుగుట మేలు. పలుకరింపబోయినవారు, "ఏమీ కాదు, బాగైపోవును" అని తమకు తెలియని హామీ నీయక, "మేమున్నాము, ఏమి తేవలయును?" అని యడిగిన చాలును.

ఎంత ప్రయత్నించినను కొందఱు శిశువులు దక్కరు. అప్పుడు, "పోయినది పసిగుడ్డే గదా, మరల పుట్టును" అనవలదు. ఆ తల్లికి అది పసిగుడ్డు కాదు, తన బిడ్డ. కడసారి ఎత్తుకొనదలచినచో ఎత్తుకొననీయుడు. పాలు నిండి రొమ్ములు సలుపునప్పుడు ఆమె యొంటరిగా నుండకుండ జూడుడు. తండ్రి దుఃఖమునకును చోటు ఉండవలెను.

బిడ్డ ఇల్లు చేరిన పిమ్మట ఆశా కార్యకర్త వచ్చి చూచును. ఆమెకు ఆదరముతో తలుపు తెఱువుడు. 2,000 గ్రాములకు తక్కువగా గాని 34 వారములకు ముందుగా గాని పుట్టిన శిశువునకు నెల నిండునప్పటికి కంటి పరీక్ష జరుగవలయును. ఆలస్యమైనచో చూపు పోవచ్చును. కాటుక, తేనె, వస, చెవిలో నూనె వలదు. పాలు త్రాగకున్నను, ఒడలు చల్లబడినను, నిమిషమునకు 60 సారులకు తగ్గక ఊపిరి తీయుచున్నను, డొక్కలు ఎగిరిపడుచున్నను తత్క్షణమే ఆసుపత్రికి పోవలయును. "పొరుగింటి బిడ్డ కూర్చుండె, మన బిడ్డ యేల కూర్చుండదు?" అని తల్లిని వేధింపకుడు. నెలలు నిండని శిశువు వయస్సును, నెలలు నిండి పుట్టవలసిన దినమునుండి లెక్కించి చూడవలయును.

మన వీథిలో రేపు ఏ యింట నైనను ఇట్టి శిశువు కలిగినచో, ఆ తల్లి గడపలో నిలిచి మన ముఖమువంక జూచును. "వెళ్లు తల్లీ, నీ బిడ్డ దగ్గఱకు వెళ్లు. ఇల్లు మేము చూచుకొందుము" అని పలుకుడు. నేను పదునొకండు దినములు ఆలస్యముగా పలికిన ఆ మాటను మీరు మొదటి దినముననే పలుకగలందులకై ఈ ప్రసంగమును చేసితిని. సెలవు.