తోటకు గాలిమాటు చెట్లు

ఉంగుటూరు ప్రాంతపు రైతులకు గాలిని గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. వేసవిలో పడమటి వడగాలి నిమ్మ పిందెలను రాల్చును. ఆషాఢమున నైరుతి గాలి అరటి యాకులను చీల్చును. స్వాతి, విశాఖ కార్తెలలో గాలివాన వచ్చెనా, గెలతోనున్న చెట్టు నేలపాలగును. గట్టున చెట్లు పెంచుటయే దీనికి చౌకయైన యుపాయము.

అయితే గాలిమాటు గోడ కాదు. గాలిని బొత్తిగా నాపినచో నది పైకెగసి, అవతల సుడి తిరిగి తోటపై పడును. సగము గాలిని వడగట్టి విడుచు వరుసయే మేలు. అట్టిది తన యెత్తునకు 10 రెట్ల దూరము బాగుగా కాచును. అనగా 30 అడుగుల చెట్లు 300 అడుగుల తోటను కాపాడును.

ఈ విద్యలో కొంత మేము తప్పుచేసి నేర్చినదే. పూర్వ మొక రైతుచే సరుగుడు నాటించి, బండి దారికై వరుస నడుమ సూటిగా సందు విడిపించితిమి. గాలివాననాడు గాలి యేటి గండివలె నందు దూరి, ఎదుటి అరటి నంతయు పడవైచెను. ఆ రైతు మమ్మొక మాటయు ననలేదు. పడిన చెట్లను చూపి యూరకుండెను. నాటినుండి దారిని వరుస చివరగాని, ఏటవాలుగాగాని తీయుడని చెప్పుచున్నాము.

రోహిణి కార్తెలో గుంతలు త్రవ్వి పశువుల యెరువు వేయుడు. తొలకరికి నేల తడిసిన పిమ్మట, గాలి వచ్చు దిక్కునకు అడ్డముగా రెండు వరుసలు నాటుడు. మొక్కకు మొక్కకు 6 అడుగులు, రెండవ వరుస మొక్క మొదటి వరుస సందున కెదురుగా నుండవలెను. సరుగుడు వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించును గనుక ఉత్తరపు మెట్టలోని తేలిక నేలలో నది చక్కగా పెరుగును. నీరు నిలుచు కొల్లేటివైపు పల్లములకు కానుగ మేలు. త్వరపడు అరటి రైతులు, పూవులు కూర వండుకొను అవిసె చెట్టును విత్తుకొనవచ్చును.

శరత్తునకు ముందు ఎండుకొమ్మలను తీయుడు. క్రింది పచ్చికొమ్మలను నరుకకుడు, గాలి నేలబారున దూరును. చెట్లు ముదిరిన పిమ్మట శీతకాలమున పంటవైపు 3 అడుగుల లోతు కందకము తీసినచో వేళ్లు పైరు సత్తువను లాగుకొనవు. మొదటి రెండు వేసవులు నీరు పోసి, పశువుల నుండి కాపాడవలెను.

నాలుగైదేండ్లకు సరుగుడు కొనువారు వచ్చెదరు. వెలకు ఆశపడి యంతయు నరికించినచో తోట బట్టబయలగును. ఒక వరుస నమ్మి, మరల నాటినది ఎదిగిన పిమ్మటనే రెండవది నరుకుడు.

1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరిచెట్లే నేల కొరిగినవి. అట్టి దానికి ఏ మాటును చాలదు. ఏటేటి గాలులకు మాత్ర మిది చాలును. గాలికి పొలిమేరలు లేవు. ఒకని వరుస తెగినచోట పొరుగువాని తోట చెడును. కావున గట్టు కలసిన రైతు సోదరులు ఒకే వరుసగా నాటి, నరుకు సంవత్సరమును సైతము ముందే మాటాడుకొనవలెనని కోరుచున్నాము.