చెత్తదిబ్బల యూటనీరు – మునగగింజలు

వానకాలమున పట్టణపు చెత్తదిబ్బల యడుగునుండి నల్లని యూటనీరు కాఱి చెరువులను, బావులను చెఱుచును. హైదరాబాదు చేరువనున్న జవహర్‌నగరు దిబ్బవలన మల్కారము చెరువు పాడయ్యెను.

కుండలోపల చిల్లగింజ నరగదీసి బురదనీటిని తేర్చుట మన పెద్దలెఱిగినదే. మునగగింజల పప్పు దంచి కలిపినను నట్లే యగును. మట్టిరేణువులు ఋణవిద్యుత్తు గలవగుటచే నొండొంటిని త్రోసికొనుచు తేలుచుండును. గింజలోని మాంసకృత్తులు ధనవిద్యుత్తు గలవి గాన వానిని గూర్చి ముద్దగట్టి, గంట రెండుగంటలలో నడుగునకు దింపును. పొడి యెక్కువైనచో మాత్రము నీరు నిలువయుండక కంపుగొట్టును.

చెత్తయూటయందును ఈ పొడిచే మడ్డి, రంగు కొంత తగ్గును. అట్లు తేరిన నీటిని నారుమళ్లకు పెట్టవచ్చునా యని కొందఱు మమ్మడిగిరి. పెట్టరాదు. కరగియున్న అమ్మోనియా, ఉప్పులు గింజలకు లొంగవు. దిగిన మడ్డిలో సీసమువంటి లోహములుండవచ్చును గావున నెరువుగాను వేయరాదు. దిబ్బదాపున బావిగలవారు నీరు తేటగానున్నను పరీక్షకు పంపవలెను. ఫలితము వచ్చువఱకు పశువులకైనను త్రాపరాదు.