అలవాట్లు, ఆప్తులు, ఆయుర్దాయము

మా కార్యాలయమునకు వచ్చు ఉత్తరములలో పాటలు కోరునవి కొన్ని, మా తప్పులు దిద్దునవి కొన్ని. ఈ రెండు తెగలకును చెందని ఉత్తరము ఎప్పుడో ఒకటి వచ్చును. గోదావరి తీరమందలి ఒక పల్లెనుండి వృద్ధురాలైన శ్రోత ఒకరు ఇట్లు వ్రాసిరి: "మీ మాట వినబడుతున్నంతసేపూ ఇంట్లో మరో మనిషి ఉన్నట్టుంటుంది. పిల్లలు దూరాన ఉన్నారు. ఒక్క ప్రాణానికి పొయ్యి వెలిగించడం దేనికని రాత్రిపూట ఇంత మజ్జిగ తాగి పడుకుంటున్నాను." మొదటి వాక్యము చదివి మేము సంతోషించితిమి, చివరి వాక్యము చదివి చింతించితిమి. ఆమెకు వంట రాక కాదు, ఇంట బియ్యము లేక కాదు, ఆరోగ్యసూత్రములు తెలియక కాదు. ఎదుట కూర్చుండి తిను మనిషి లేకపోవుటచే భోజనము తప్పుచున్నది.

మంచి అలవాట్లు మనిషి పట్టుదలనుబట్టి ఏర్పడునని మనము పిల్లలకు బోధింతుము. అది సగము నిజము. మిగిలిన సగము తెలిసికొనుటకు అమెరికాలో జరిగిన ఒక పరిశోధనను గూర్చి ఇచట చెప్పవలసియున్నది.

కాలిఫోర్నియా రాష్ట్రమందు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమునకు తూర్పున అలమీడా అను కౌంటీ కలదు. ఓక్లండ్, బర్క్‌లీ నగరములు అందులోనివే. 1965లో అచటి 6,928 మంది వయోజనులకు ప్రశ్నపత్రములు పంచి, వారి జీవనవిధానమును గూర్చి సమాధానములు సేకరించిరి. లెస్టర్ బ్రెస్లో అను వైద్యుడు, నెడ్రా బెల్లాక్ అను పరిశోధకురాలు వానిని పరిశీలించి ఏడు అలవాట్లను ఎంచిరి: రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర, పొగ త్రాగకుండుట, మద్యము మానుట లేక మితముగా ఉండుట, శరీర వ్యాయామము, తగిన బరువు, ఉదయపు ఫలహారము, భోజనముల నడుమ చిరుతిండి లేకుండుట. వీనిలో ఆరేడు పాటించిన 45 ఏండ్ల పురుషునకు, మూడో అంతకు తక్కువో పాటించిన వానికంటె 11 ఏండ్ల ఆయుర్దాయము అధికముగా కానవచ్చినది. స్త్రీలలో ఆ తేడా 7 ఏండ్లు. ఫలహారము, చిరుతిండి అను రెండింటి ప్రభావము తరువాతి లెక్కలలో నిలువలేదు గాని, మిగిలిన ఐదును నిలిచినవి. బ్రెస్లో తాను 97 ఏండ్లు జీవించి 2012లో కాలధర్మము నొందెను.

ఇంతవరకు మన పెద్దలు చెప్పుచుండెడి మాటయే. ఆ ప్రశ్నపత్రములలో మరికొన్ని ప్రశ్నలును ఉండెను. మీరు వివాహితులా? ఆప్తమిత్రులు, బంధువులు ఎందరు? వారిని ఎంత తరచుగా కలిసికొందురు? ప్రార్థనామందిరమునకు గాని, ఏదేని సంఘమునకు గాని చెందియున్నారా? తొమ్మిదేండ్లు గడచిన పిదప వారిలో జీవించియున్న వారెవరో, మరణించిన వారెవరో లీసా బెర్క్‌మన్, లెనార్డ్ సైమ్ అను ఇరువురు పరిశోధకులు సరిచూచి, 1979లో ఫలితములు ప్రకటించిరి. బంధములు మిక్కిలి తక్కువగా ఉన్నవారిలో మరణములు, ఎక్కువగా ఉన్నవారికంటె పురుషులలో 2.3 రెట్లు, స్త్రీలలో 2.8 రెట్లు ఉండెను.

ఇచట ఒక సందేహము కలుగుట సహజము. రోగముతో మంచము పట్టినవారు నలుగురిలో తిరుగలేరు గదా. రోగమే ఒంటరితనమునకు కారణమై యుండవచ్చును గదా? ఒంటరివారు పొగ, మద్యము అధికముగా సేవించి త్వరగా మరణించియుండవచ్చును గదా? పరిశోధకులు ఈ సందేహములను విస్మరింపలేదు. 1965 నాటి ఆరోగ్యస్థితిని, ఆర్థికస్థితిని, అలవాట్లను లెక్కలోనికి తీసికొనిన పిదప సయితము తేడా మిగిలియే యుండెను. అనగా అలవాట్లకు తోడ్పడుటయే కాక, ఆప్తుల ఉనికి తనంత తానుగా ఒక బలమైయున్నది. ఒక బంధము కొరవడినచో మరొకటి కొంతవరకు ఆ లోటు తీర్చుననియు ఆ లెక్కలు సూచించినవి. జీవితభాగస్వామిని కోల్పోయినవారికి ఇది గొప్ప ఊరట.

తోడు ఎట్లు పనిచేయును? ఒకటి, అక్కరకు వచ్చు సాయము: జ్వరము వచ్చిన రాత్రి వైద్యునివద్దకు తీసికొనిపోవు మనిషి. రెండు, గుర్తుచేయు నోరు: "మాత్ర వేసుకున్నారా?" అని అడుగువారున్నచో మాత్ర మరపునకు రాదు. వీధి చివర మిత్రుడు వేచియుండునని తెలిసినచో ప్రాతఃకాలపు నడకకు బద్ధకము అడ్డురాదు. మూడు, మనస్సునకు కలుగు నెమ్మది: ఎడతెగని ఆందోళన నిద్రను చెరచును, రక్తపుపోటును పెంచును, చెప్పుకొన్న కష్టము కొంత తేలికపడును.

ఒంటరితనము వృద్ధులకు మాత్రమే చెందినదని అనుకొనుట పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ప్రకటించిన నివేదిక ప్రకారము లోకమున ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనముచే బాధపడుచున్నారు. 13 మొదలు 29 ఏండ్లలోపు వారిలో నూటికి 17 నుండి 21 మంది అట్టివారే. చదువునకో, ఉద్యోగమునకో హైదరాబాదు వచ్చి హాస్టలు గదిలో ఉండు యువకుని తలచుకొనుడు. చేతిలోని ఫోనులో వందల పరిచయములు. అస్వస్థతగా ఉన్ననాడు గంజి కాచి ఇచ్చు చేయి ఒకటి లేదు. రెండు గంటలకు పడుకొని పదింటికి లేచినను 'ఇదేమి?' అని అడుగువారు లేరు. పల్లెలో తల్లి భోజనము మానుటకును, నగరములో కుమారుడు నిద్ర మానుటకును కారణము ఒక్కటియే.

ఏకాంతము వేరు, ఒంటరితనము వేరు. కోరి తలుపు మూసికొని పుస్తకము చదువుకొనువాడు ఒంటరివాడు కాడు. పదిమంది ఉన్న ఇంట తనతో మాటలాడువారు లేని ముసలితాత ఒంటరివాడే. కావున ఇంట ఎందరున్నారని కాక, ఎవరు ఎవరిని పలుకరించుచున్నారని చూచుకొనవలెను.

ఇందులకు ధనవ్యయము అక్కరలేదు. నెలకొక పర్యాయము గంటసేపు మాటలాడుటకంటె ప్రతిదినము ఒకే వేళకు ఐదు నిమిషములు మాటలాడుట మేలని మా అభిప్రాయము. "నాన్నగారూ, ఇవాళ నడకకు వెళ్లారా?" అని కుమారుడు అడుగవలెను, "ఏరా, రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?" అని తండ్రి అడుగవలెను. పెద్దలకు సాయము చేయుటయే కాక, వారి సాయమును కోరుటయు మర్యాదయే. పచ్చడి కొలతలు, పాత భూమి కాగితముల సంగతులు, మనుమరాలి పాఠములు వారిని అడిగినచో, తమ అవసరము తీరిపోయినదను దిగులు వారికి తగ్గును.

రేడియో వలన కొంత తోడు కలుగుననుట మాకు గర్వకారణమే. అయినను మా గొంతు మీకు వినబడును గాని, మీ గొంతు మాకు వినబడదు. మీరు భోజనము మానిన రాత్రి మేమెరుగము. ఆ వృద్ధురాలికి మేము ప్రత్యుత్తరము వ్రాయుచు, పొరుగున తమవలెనే ఒంటరిగా ఉన్నవారెవరేని ఉన్నచో ఇరువురును వంతులవారీగా వండుకొని కలిసి తినవలసినదని సూచించితిమి. రెండు నెలలకు ఒక కార్డు వచ్చినది: "మీ రాత్రి కార్యక్రమం ఈమధ్య వినడం కుదరడం లేదు. భోజనం దగ్గర కబుర్లతోనే పొద్దుపోతోంది, ఏమీ అనుకోకండి."

ఒక శ్రోతను కోల్పోయి మేము ఇంతగా సంతోషించిన సందర్భము మరొకటి లేదు.