కొబ్బరి చిప్పలో కాపురం

చిట్టి సిక్లిడ్లను పెంచాలంటే ముందు ఇంటి నీళ్ల సంగతి తెలియాలి

చెన్నై: ఆదివారం వస్తే కొళత్తూరు రంగుచేపల అంగళ్ల ముందు బండి నిలిపే చోటు దొరకదు. పిల్లాడి చెయ్యి పట్టుకుని వచ్చిన తండ్రి గోల్డ్‌ఫిష్ తొట్టెలన్నీ దాటుకుంటూ వెళ్లి ఓ మూల తొట్టె ముందు ఆగిపోతాడు. లోపల బొటనవేలంత చేప. ఒంటినిండా మెరిసే నీలి చుక్కలు, పసుపు ముఖం, కంటి మీదుగా నల్లటి గీత. ‘ఇదేం చేపన్నా?’ అంటే ‘రామ్ సార్, జోడీ తీస్కోండి’ అని జవాబు. జోడీతోపాటు గాజు తొట్టె, రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్క... అన్నీ ఒకే ఆటోలో ఇల్లు చేరతాయి. గురువారానికి ఒక చేప తేలుతుంది, శనివారానికి రెండోది. తొట్టె అటకెక్కుతుంది. ‘మన చెయ్యి మంచిది కాదులే’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు.

తప్పు చేతిది కాదు, నీళ్లది. రంగు చూసి చేపను తెచ్చుకోవడం కాదు, కుళాయిలో ఏ నీళ్లు వస్తున్నాయో చూసి తెచ్చుకోవాలి. మరుగుజ్జు సిక్లిడ్ల విషయంలో ఇది మరీ నిజం.

జిలేబీకి దాయాదులు

చేపల మార్కెట్లో జిలేబీని చూడనివారు ఉండరు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా అది. అదీ సిక్లిడ్ కుటుంబమే. వాస్తు పేరు చెప్పి హాలులో పెట్టుకునే ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ కూడా ఆ బాపతే. ఇవన్నీ భారీ ఒళ్లు, దుడుకు స్వభావం. పక్క చేపను బతకనివ్వవు. అయితే ఇదే కుటుంబంలో 5 నుంచి 10 సెంటీమీటర్లకు మించి పెరగని చిన్నవాళ్లూ ఉన్నారు. జోడీ కట్టడం, ఇల్లు చూసుకోవడం, గుడ్లకు కాపలా కాయడం, పిల్లల్ని వెంటేసుకుని తిప్పడం... పెద్ద సిక్లిడ్లు చేసే సంసారమంతా ఇవీ చేస్తాయి. అదీ రెండడుగుల తొట్టెలో! వీటిని ఒకసారి పెంచినవాళ్లు మళ్లీ గోల్డ్‌ఫిష్ వైపు చూడకపోవడానికి కారణం అదే.

అంగట్లో మొదట కనిపించేది రామ్. పేరు విని రాముడనుకునేరు! దాన్ని పట్టి తెచ్చిన రమిరెజ్ అనే ఆయన పేరులో సగం అది. దక్షిణ అమెరికాలో వెనిజులా, కొలంబియా దేశాల్లో పారే ఒరినోకో నది పరీవాహకం దాని పుట్టిల్లు. అక్కడి నీళ్లు వెచ్చన, మెత్తన. పప్పు ఇట్టే ఉడికే నీళ్లన్నమాట. 27 నుంచి 30 డిగ్రీల వేడి ఉండాలి, ఉప్పదనం, సున్నం ఉండకూడదు. పైగా రంగు రావాలని హార్మోన్లు పెట్టి పెంచిన సరుకు కూడా మార్కెట్లోకి వస్తుంది. అలాంటివి ఇంటికొచ్చాక ఎక్కువ రోజులు నిలవవు. అందంలో దీన్ని మించింది లేదు కానీ కొత్తవాళ్లు దీంతో మొదలుపెట్టకపోవడమే మేలు.

మరి దేంతో మొదలుపెట్టాలి? ‘కాకటూ’ అని పిలిచే అపిస్టోగ్రామా అయితే నయం. మగదాని వీపు మీద రెక్క ముళ్లు కాకటూ చిలుక జుట్టులా నిక్కబొడుచుకుని ఉంటాయి, అందుకే ఆ పేరు. మగది 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆడది 5. అమెజాన్ చేపే అయినా నీళ్లు కాస్త గట్టిగా ఉన్నా సర్దుకుపోతుంది. ఇంకా గట్టి నీళ్లయితే పశ్చిమ ఆఫ్రికా చేప క్రిబెన్సిస్ ఉంది. కాపురానికి సిద్ధమైన ఆడ క్రిబ్ పొట్ట నేరేడు పండు రంగుకు తిరుగుతుంది. దీంతో ఓ తమాషా ఉంది. నీళ్లలో పులుపు ఎంతుందన్న దాన్నిబట్టి పిల్లల్లో మగ ఎన్ని, ఆడ ఎన్ని అన్న లెక్క మారిపోతుంది.

మన ఊరి చేప

విదేశీ చేపల మోజులో మన చేప ఒకటి మరుగునపడింది. మన దేశంలో పుట్టిన సిక్లిడ్లు మూడే మూడు. కేరళవాళ్లు ప్రాణం పెట్టే కరిమీన్ ఒకటి, కర్ణాటక నదుల్లో ఉండేది ఇంకొకటి, ఆరెంజ్ క్రోమైడ్ మూడోది. ఈ మూడోది తమిళనాడు, ఆంధ్ర సరిహద్దులోని పులికాట్ సరస్సులోనూ ఉంది. 8 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి మరుగుజ్జుల్లో కలిపేయవచ్చు. పసుపు ఒళ్లు, పక్కన నల్లటి మచ్చ. సముద్రం దగ్గరి బోరు నీళ్లు ఉప్పగా ఉన్నా దీనికి పట్టింపు లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్లల్ని సాకుతారు. పిల్లలు వాళ్ల ఒంటి మీది జిగురును కొరుక్కుతిని పెరుగుతాయి. కరిమీన్ ఒంటికి పట్టిన పురుగులను ఏరిపెట్టేదీ ఈ క్రోమైడే, సందు దొరికితే దాని గుడ్లు తినేసేదీ ఇదే! మూడడుగుల తొట్టెలో ఐదారింటిని కలిపి వదిలితే బెరుకు లేకుండా తిరుగుతాయి.

ఇంటి నీళ్లు ఎలాంటివో తేల్చుకోవడం పెద్ద పనేం కాదు. ఆర్వో మిషన్ బాగుచేయడానికి వచ్చేవాళ్ల దగ్గర టీడీఎస్ మీటరు ఉంటుంది. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటి లెక్క. సున్నం ఒక్కదాని లెక్క కాదు గానీ మోటుగా పనికొస్తుంది. 150 లోపు ఉంటే కాకటూ హాయిగా ఉంటుంది. 500 దాటితే క్రిబ్, క్రోమైడ్‌లతో సరిపెట్టుకోవాలి, లేదంటే ఆర్వో నీళ్లు కలుపుకోవాలి. వట్టి ఆర్వో నీళ్లు మాత్రం పోయకూడదు. చేపకూ కొంచెం లవణం కావాలి. ఇక పూండి మీదుగా వచ్చే కృష్ణా నీళ్లయినా, పుళల్ నీళ్లయినా మెట్రో వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది. అంగట్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేయకుండా తొట్టెలో పోయకూడదు.

పెరుగుకు తోడు లాగే

ఒక జోడీకి 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టె చాలు. 50 లీటర్లకు పైగా నీళ్లు పడతాయి. కొన్న రోజే చేపను వదిలేయడమే అసలు ముప్పు. చేప విసర్జించేదాంట్లో, తినకుండా మిగిలిన మేతలో అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారిస్తే గానీ గండం గడవదు. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ చేప లేకుండా రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ తిప్పాలి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అని టెస్ట్ కిట్ చూపించాకే చేప.

అంత ఓపిక లేనివాళ్లకు దగ్గరి దారి ఉంది. పెరుగుకు తోడు పెట్టినట్టే! చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టెలోంచి మురికిపట్టిన స్పాంజి ముక్క తెచ్చి మన ఫిల్టర్‌లో పెడితే పని త్వరగా అవుతుంది. ఆ స్పాంజిని కుళాయి కింద కడిగితే తోడు పోయినట్టే. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కరెంటు గంటల తరబడి పోతే ఈ బ్యాక్టీరియా కూడా ఊపిరాడక చస్తుంది. బ్యాటరీ మీద నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఉంచుకోవడం మంచిది.

అడుగున రంగురాళ్లు వద్దు. కాకటూ ఇసుకను నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి జల్లించి తింటుంది. కడిగిన సన్న ఇసుకే కావాలి. ఇసుకలో గవ్వ పొడి, సున్నం ఉన్నాయేమోనని అనుమానం వస్తే నిమ్మరసం పిండి చూడాలి, నురగ వస్తే వద్దు. పెరట్లో మందు కొట్టని బాదం చెట్టు ఉంటే రాలిన ఎండాకులు రెండు కడిగి వేయవచ్చు. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. అది మురికి కాదు, అమెజాన్ పాయల్లో చాలాచోట్ల ఉండే రంగే. అయితే సున్నం నీళ్లను బాదం ఆకు మెత్తబరుస్తుందని నమ్మితే మాత్రం మోసపోతారు.

చెన్నై మే నెలలో తొట్టె నీళ్లు 32 డిగ్రీలు దాటిపోతాయి. నీళ్ల మీదుగా చిన్న ఫ్యాను పెడితే వేడి తగ్గుతుంది. ఆవిరైనంత మేర ఆర్వో నీళ్లు కలపాలి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు అడుగునే ఉండిపోతాయి. బెంగళూరులో ఇబ్బంది దీనికి తలకిందులు. డిసెంబరు రాత్రుల్లో హీటర్ తప్పనిసరి.

అమ్మ పసుపు రంగు

చట్నీకి కొబ్బరి తురుముకున్నాక మిగిలే చిప్పే వీటికి ఇల్లు. పీచు గీకి, ఉడకబెట్టి, అంచున వేలు దూరేంత కంత చేసి బోర్లించాలి. కాకటూ ఆడది ఓ రోజు నిమ్మపండులా పసుపెక్కి, ఒంటి మీద నల్ల గీతలు తేలి, చిప్ప దగ్గర తచ్చాడుతూ కనిపిస్తే లోపల కప్పుకు గుడ్లు అంటించిందని లెక్క. ఇక మగదాన్ని దగ్గరికి రానివ్వదు. దానికి తొట్టె రెండో కొసన మొక్కలో, ఇంకో చిప్పో లేకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. మొదటి కాన్పు గుడ్లు తల్లే తినేయడం మామూలే. కంగారుపడి చిప్ప ఎత్తి చూడటం వల్ల కూడా అలా జరుగుతుంది.

గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పగులుతాయి. ఇంకో వారానికి పిల్లలు ఈదుతూ బయటికొస్తాయి. వాటి నోటికి మామూలు మేత పట్టదు. లీటరు నీళ్లలో 25 గ్రాముల కల్లుప్పు వేసి, గాలి ఊదుతూ ఆర్టీమియా గుడ్లు పొదిగిస్తే మర్నాటికి కంటికి ఆనీ ఆనని నారింజ రంగు పురుగులు తయారవుతాయి. అవే వీటికి ఉగ్గుపాలు. పిల్లలు మరీ ఎక్కువైతే అంగడివాళ్లకు ఇవ్వవచ్చు, చేపలు పెంచే స్నేహితులకు ఇవ్వవచ్చు. చెరువులో వదలకూడదు. జిలేబీ చెరువుల్ని ఎలా ఆక్రమించిందో వల వేసేవాళ్లను అడిగితే చెబుతారు.

పొద్దుగూకే వేళకు తల్లి ఒళ్లు విదిలిస్తూ సైగ చేస్తుంది. ఇసుక మీద చెల్లాచెదురుగా ఉన్న పిల్లలన్నీ దాని కిందికి చేరతాయి. వెనకబడ్డదాన్ని నోట కరుచుకుని చిప్పలోకి తెచ్చి ఉమ్మేస్తుంది. తొట్టె లైటు ఒక్కసారిగా ఆర్పేస్తే ఆ చీకట్లో దానికి పిల్లలు దొరకవు. హాలులో లైటు వెలుగుతుండగానే తొట్టె లైటు తీసేసి, ఓ అరగంట ఆగాలి. ఆలోగా అన్నిటినీ లోపలికి చేర్చుకుంటుంది.