ఆటో బేరం నుంచి క్యాబ్ యాప్ దాకా: రేటు ఎవరి చేతిలో ఉంది?

రామగుండం స్టేషన్‌లో పగలు దిగి గోదావరిఖనికి షేర్ ఆటో ఎక్కితే బేరమే ఉండదు. సీటుకి ఎంతో ఎక్కేవాళ్లందరికీ తెలుసు. షిఫ్ట్‌కి పోయే సింగరేణి కార్మికుడు రేటు అడగడు, చిల్లర ఇచ్చి దిగిపోతాడు. అదే రాత్రి పూట 'స్పెషల్' మాట్లాడితే సీన్ వేరు. మీరు ఊరికి కొత్త అని తెలిస్తే మొదటి రేటు ఇంకా పెరుగుతుంది.

అంటే బేరం పుట్టేది రేటు ఒకరికి తెలిసి, ఇంకొకరికి తెలియని చోట. డ్రైవర్‌ది పూర్తిగా తప్పని కూడా అనలేం. "వచ్చేటప్పుడు ఖాళీగా రావాలె అన్నా" అనేది నిజమైన ఖర్చే.

విదేశాల్లో యాప్ ఎందుకంత నచ్చుతుంది?

ఉమ్మడి కరీంనగర్ జిల్లా నుంచి గల్ఫ్ పోయేవాళ్లు ఎక్కువ. అరబిక్ రాకపోతే అడ్రస్ చెప్పడమే కష్టం, ఇక బేరం ఎక్కడ ఆడతాం? యాప్‌లో మ్యాప్ మీద పిన్ పెడితే చాలు, ఎక్కకముందే రేటు కనిపిస్తుంది. ట్రిప్ లైవ్ లొకేషన్ ఇంటికి షేర్ చేయొచ్చు. 2012లో దుబాయ్‌లో మొదలైన కరీమ్ ఆ ప్రాంతంలో ఎంత పెరిగిందంటే, 2019లో ఊబర్ దాన్ని 310 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది.

మరి యాప్ రేటు ఫిక్స్‌డా?

కాదు. దూరం, టైమ్‌తో పాటు ఆ నిమిషంలో డిమాండ్ ఎంత, దగ్గర్లో బండ్లు ఎన్ని అనేది కూడా లెక్కలోకి వస్తుంది. వాన పడితే రేటు పెరిగేది అందుకే. 2020 నాటి కేంద్ర గైడ్‌లైన్స్ ప్రకారం ఈ సర్జ్ బేస్ ఫేర్‌కి 1.5 రెట్లు దాటకూడదు. 2025 జులైలో వచ్చిన కొత్త గైడ్‌లైన్స్ దాన్ని 2 రెట్లు చేశాయి. అడ్డా మీద డ్రైవర్‌తో వాదించొచ్చు, అల్గారిథమ్‌తో వాదించలేం.

బేరాన్నే ఫీచర్‌గా మార్చిన యాప్ కూడా ఉంది, ఇన్‌డ్రైవ్. రష్యాలోని యాకుత్స్క్‌లో గడ్డకట్టే చలిలో టాక్సీవాళ్లు ఒక్కసారిగా రేట్లు పెంచితే, జనం సోషల్ మీడియాలో ఒక గ్రూప్ పెట్టుకున్నారు. ఇన్‌డ్రైవ్ అక్కడి నుంచే పుట్టింది. ఇందులో రేటు మీరే చెప్తారు. డ్రైవర్ ఒప్పుకోవచ్చు, లేదా తన రేటు చెప్పొచ్చు.

మీరు చేయాల్సింది

యాప్ ఉన్న ఊళ్లో రెండు యాప్‌లలో రేటు పోల్చండి. సర్జ్ కనిపిస్తే పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి.

దగ్గర్లో బండి దొరకని చిన్న ఊళ్లో ఈ లెక్క వాడండి: షేర్ సీటు రేటును ఆటోలో మామూలుగా ఎక్కే మనుషుల సంఖ్యతో గుణించండి. రాత్రయితే ఖాళీగా తిరిగి వచ్చే ఖర్చు కొంత కలపండి. వచ్చిన నంబర్‌కి దగ్గరగా అడిగితే ఎక్కేయండి. బాగా ఎక్కువ చెప్తే ఆ లెక్కే డ్రైవర్‌కి చెప్పండి. రేటు తెలిసినవాడికి బేరం తేలిక, యాప్ ఉన్నా లేకపోయినా.